వెనక చక్రం నట్టు మళ్లీ మళ్లీ వదులవుతుంటే ఇంకా గట్టిగా బిగించకండి: మెకానిక్ అన్నలకు బహిరంగ లేఖ

మెకానిక్ అన్నలకు, తమ్ముళ్లకు, సర్వీస్ సెంటర్లు నడిపేవాళ్లకు నమస్కారం.

నేను మెకానిక్‌ని కాదు, రోజూ బండి మీద తిరిగేవాణ్ణి. నా బండి వెనక చక్రం ఇరుసు నట్టు నాలుగు నెలల్లో మూడుసార్లు వదులైంది. మూడుసార్లూ మీలాంటివాళ్ల దగ్గరికే తెచ్చాను, మర్యాదగానే మాట్లాడారు, నట్టు బిగించి పంపారు. ఎందుకు వదులవుతోందని మాత్రం ఎవరూ చూడలేదు. చివరికి నేనే చక్రం విప్పి కారణం కనుక్కున్నాను. కనుక్కున్నాక కోపం కంటే భయమే ఎక్కువ వేసింది, ఎందుకంటే ప్రతిసారీ బిగించడమే దాన్ని ఇంకాస్త పాడుచేస్తూ వచ్చింది. అందుకే ఈ లేఖ.

ముందు జరిగింది చెప్తాను. బేరింగులు అరిగి శబ్దం వస్తుంటే వెనక చక్రానికి రెండు బేరింగులూ మార్పించాను, పనిలో పనిగా టైరు కూడా కొత్తది వేయించాను. బండి తెచ్చుకున్న వారానికి చైన్ తేడాగా అనిపించింది, ఒకసారి వదులుగా, ఇంకోసారి బిగుతుగా. వంగి చూస్తే చైన్ బిగుతు సరిచేసే అడ్జస్టర్ గీతలు రెండు పక్కలా ఒకేలా లేవు, ఒక పక్క బోల్టు వేలితో తిప్పితే తిరుగుతోంది. తీసుకెళ్తే "నట్టు లూజయింది సార్, బిగించేశాను" అన్నారు. సరే అనుకున్నాను.

రెండోసారి మా చెల్లి వెనక కూర్చుని ఉంది. మలుపు తిరుగుతుంటే బండి వెనక భాగాన్ని ఎవరో పక్కకి తోసినట్టు కదిలింది. పంక్చర్ అనుకుని పక్కన ఆపి టైరు నొక్కి చూశాను, గాలి బాగానే ఉంది. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే టక్ టక్‌మని ఆడింది. నట్టు మీద వేళ్లు పెడితే అది తిరిగింది, పానా అవసరం కూడా లేకుండా. అప్పుడు చెల్లి మొహం చూడలేకపోయాను. ఈసారి పానాకి పైపు తొడిగి ఇద్దరు కలిసి బిగించారు, "ఇక కదలదు" అన్నారు. ఆ మాట నమ్మాలనే ఉంది కానీ నమ్మకం చాలక నట్టు మీద నుంచి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం చెయ్యి) మీదికి పెయింట్‌తో ఒక గీత గీసి పెట్టుకున్నాను. రెండు వందల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ గీత రెండు ముక్కలై, నట్టు మీది ముక్క పక్కకి జరిగిపోయింది. మూడోసారి కొత్త నట్టు వేశారు, థ్రెడ్లకు, అంటే మర గాళ్లకు, జిగురు మందు పూశారు. అయినా మళ్లీ వదులైంది.

ఆ తర్వాత ఒక ఆదివారం బండిని స్టాండ్ మీద ఎత్తి నేనే మొదలుపెట్టాను. అక్కడ కనిపించిన ఒక విషయం ముందు చెప్తాను, ఈ లేఖలో మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. చైన్ తీసేసి, నట్టు వేళ్లతో ముడిపెట్టినంత మాత్రం ఉంచి చక్రం తిప్పితే హాయిగా చాలాసేపు తిరిగింది. పానా పెట్టి కొంచెం బిగించి తిప్పాను, తొందరగా ఆగింది. పూర్తిగా బిగించి తిప్పితే చక్రం అరచుట్టు కూడా తిరగకుండా ఆగిపోయింది, చెయ్యి పెట్టి తిప్పితే లోపల ఏదో పట్టేసినట్టు బరువుగా ఉంది. బ్రేక్ పట్టడం లేదు, అది ముందే చూసుకున్నాను. నట్టు వదిలిస్తే మళ్లీ హాయిగా తిరిగింది.

నట్టు బిగిస్తే చక్రం ఎందుకు బిగుసుకోవాలి? బిగుసుకోకూడదు. ఎంత బిగించినా చక్రం అదే తేలికతో తిరగాలి. అలా తిరగడం లేదంటే, మీరు పెట్టే బలమంతా పోకూడని చోటికి, అంటే బేరింగు లోపలి ఉక్కు గుండ్ల మీదికి పోతోందని అర్థం.

ఇరుసు తీసి చక్రం కింద పెట్టాను. బేరింగు రంధ్రంలో వేలు పెడితే, తగలాల్సిన ఇనుప గొట్టం తగల్లేదు. లోపల ఖాళీ. టార్చి వేసి చూస్తే చక్రం నడుమ ఉండే హబ్ లోపలి గోడ, దాని మీద పాత గ్రీజు కనిపించాయి. రెండు బేరింగుల మధ్య ఉండాల్సిన స్పేసర్ గొట్టం లేనే లేదు. బేరింగులు మార్చిన రోజున అది బయటికి వచ్చింది, తిరిగి లోపలికి వెళ్లలేదు. నాలుగు నెలలు నేనూ, నా వెనక కూర్చున్నవాళ్లూ ఆ ఖాళీ మీదే తిరిగాం.

ఆ గొట్టం చేసే పని మీలో చాలామందికి తెలుసు, తెలియని కొత్త కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. ఇరుసు అనే కడ్డీ తిరగదు. బేరింగు లోపలి రింగు కూడా తిరగదు. హబ్బుతో పాటు తిరిగేది బయటి రింగు ఒక్కటే. నట్టు బిగించినప్పుడు ఒక పక్క స్వింగ్ ఆర్మ్ నుంచి వరసగా అడ్జస్టర్ ప్లేటు, పక్క స్పేసర్, బేరింగు లోపలి రింగు, మధ్య గొట్టం, అవతలి బేరింగు లోపలి రింగు, స్ప్రాకెట్ (చైన్ పట్టే పళ్ల చక్రం) వైపు బేరింగూ దాని స్పేసరూ, మళ్లీ అడ్జస్టర్ ప్లేటు, రెండో స్వింగ్ ఆర్మ్, ఇవన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఒకే ఇనుప దిమ్మలా అయిపోవాలి. ఇరుసు ఆ దిమ్మని రెండు చివరలా పట్టి నొక్కుతుంది. నొక్కేటప్పుడు ఇరుసు తాను కూడా కంటికి కనపడనంత సాగుతుంది, గట్టి స్ప్రింగులాగా. ఆ సాగుడే బిగువు. చక్రాన్ని పట్టి ఉంచేది అదే, నట్టు ఆ బిగువుని పోకుండా కాపలా కాస్తుందంతే.

మధ్య గొట్టం లేకపోతే ఆ దిమ్మ మధ్యలో తెగిపోయినట్టే. నట్టు బిగించిన కొద్దీ రెండు లోపలి రింగులూ ఒకదానివైపు ఒకటి జరగాలని చూస్తాయి, వాటిని ఆపేది బేరింగు గుండ్లు మాత్రమే. ఈ బేరింగులు చక్రం మీద పడే బరువు మోయడానికి చేసినవి, పక్క నుంచి అంత నొక్కుడు తట్టుకోవడానికి కాదు. గుండ్లు రింగుల్లో గుంటలు చేస్తాయి, గుండ్లని పట్టి ఉంచే కేజ్ విరుగుతుంది, రింగు ఇంకాస్త లోపలికి జరుగుతుంది, జరిగినంత మేరా బిగువు పోతుంది. నట్టు ఒక్క పావు చుట్టు కూడా తిరగకుండానే వదులైపోతుంది. అప్పుడు మీరు వచ్చి బిగిస్తారు, రింగు మరికాస్త జరుగుతుంది. నా పాత బేరింగుని, పాతదంటే నాలుగు నెలలది, వేలు పెట్టి తిప్పితే ఇసుక వేసినట్టు గరగరమంది, రెండు మూడు చోట్ల ఆగి ఆగి తిరిగింది.

ఇంకో గుర్తు కూడా కనిపించింది. ఇరుసు మీద బేరింగు కూర్చునే చోట ఎర్రటి పొడి, మెత్తగా, ఇటుక పొడిలాగా ఉంది. వాషర్ కింద కూడా అదే. వాన నీటికి పట్టిన తుప్పు అలా పొడిగా రాలదు. బిగువుగా ఉండాల్సిన రెండు ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి సన్నగా రుద్దుకుంటుంటే రాలే పొడి అది. ఆ పొడి కనిపించిన చోట ఏదో కదులుతోందన్నమాట. మూడుసార్లు ఆ వాషర్ విప్పినవాళ్లు గుడ్డతో తుడిచేసి మళ్లీ వేశారు. తుడవకముందు ఒక్క నిమిషం దాన్ని చూసి ఉంటే నా బండి కథ మొదటిసారే తేలిపోయేది.

ఇప్పుడు "రోడ్లు అలా ఉన్నాయి, వైబ్రేషన్‌కి నట్టు వదులవుతుంది" అనే మాట గురించి. ఈ మాట అందరం అంటాం, నేనూ అనేవాణ్ణి. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు నట్టూ బోల్టులు తమంతట తాము ఎలా వదులవుతాయో పరీక్షించి ఫలితాలు ప్రచురించాడు. బోల్టుని నిలువునా లాగుతూ వదులుతూ ఉండే బలాల కంటే, బిగించిన ముఖాలు అడ్డంగా జారేటట్టు కదిపే బలం నట్టుని ఎంతో తొందరగా వదిలిస్తుందని ఆయన చూపించాడు. ఆయన పద్ధతిలో పరీక్షించే యంత్రాన్ని ఇవాళ్టికీ యుంకర్ యంత్రం అనే అంటారు. ఇది అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నేలలో దిగిన గుంజని నేరుగా పైకి లాగితే రాదు, అటూ ఇటూ ఊపి లాగితే వచ్చేస్తుంది. ఊపినప్పుడు మట్టి పట్టు పోతుంది కాబట్టి. నట్టు కూడా అంతే, ముఖాలు అడ్డంగా జారిన ప్రతిసారీ థ్రెడ్ల పట్టు ఒక్క క్షణం పోతుంది, ఆ క్షణంలో నట్టు వెనక్కి కాస్త తిరుగుతుంది. వేల సార్లు అలా జరిగితే చాలు.

కాబట్టి వైబ్రేషన్ మాట అబద్ధం కాదు గానీ సగం మాటే. బిగువు సరిగ్గా ఉన్నంతకాలం ముఖాలు జారవు, జారనంతకాలం ఎంత కుదుపు వచ్చినా నట్టు కదలదు. అదే రోడ్ల మీద వేలాది బళ్లు ఇరుసు వదులు కాకుండానే తిరుగుతున్నాయి. నట్టు వదులైందంటే ముందు బిగువు పోయింది, తర్వాత ముఖాలు జారాయి, ఆఖరున నట్టు తిరిగింది. మనకి కనిపించేది ఆఖరిది మాత్రమే, అందుకే దాన్నే దొంగ అనుకుని పట్టుకుంటాం.

స్ప్రింగ్ వాషర్ వేస్తే సరిపోతుందనేది కూడా ఇలాంటిదే. యుంకర్ పద్ధతి పరీక్షల్లో మామూలు తెగిన రింగు లాంటి స్ప్రింగ్ వాషర్ పెద్దగా ఏమీ ఆపలేదు. ఇక స్ప్లిట్ పిన్ సంగతి, అంచున గాళ్లు కోసిన నట్టుకి అడ్డంగా పెట్టే ఆ పిన్ను నట్టు ఊడి రోడ్డు మీద పడకుండా ఆపుతుంది, అది చాలా విలువైన పనే, కానీ బిగువుని కాపాడలేదు. పిన్ను నిక్షేపంగా ఉండగానే చక్రం వదులుగా ఆడుతుంటుంది. పిన్ను చూసి "ఉంది కదా" అని వదిలేయకండి. విప్పిన పిన్ను మళ్లీ వంచి పెట్టకండి, రెండోసారి వంచితే విరిగే చోటు సిద్ధమవుతుంది. రంధ్రం నట్టు గాడికి ఎదురు రాకపోతే నట్టుని వెనక్కి తిప్పి కలపకుండా, తర్వాతి గాడి దాకా ముందుకే తిప్పండి.

నైలాన్ రింగు ఉన్న నట్టయితే ఒక చిన్న పరీక్ష ఉంది. శుభ్రమైన థ్రెడ్ మీద చేత్తో తిప్పండి. ఆ నైలాన్ దగ్గరికి రాగానే వేళ్లు ఓడిపోవాలి, పానా లేకుండా ముందుకు పోకూడదు. వేళ్లతోనే దాటిపోతే ఆ నట్టు పని అయిపోయింది. రెండోసారి వదులైనప్పుడు నా బండికి ఉన్నది అలాంటిదే.

నేను మీ మీద ఫిర్యాదు చేయడానికి మాత్రమే రాయడం లేదు. మీ పని ఎంత హడావుడిలో జరుగుతుందో చూశాను. ఒకరి బండి విప్పుతుంటే ఇంకో ముగ్గురు "అయిపోయిందా" అని నిలబడి ఉంటారు, నేను కూడా అలా నిలబడినవాణ్ణే. ఆ తొందరలో ఒక గొట్టం బల్ల కిందికి దొర్లిపోవడం పెద్ద వింత కాదు, మనుషులం. నాకు అర్థం కానిది తర్వాతి మూడుసార్లు. ఒకసారి వదులైతే బిగించడం చాలిందనుకోవచ్చు. రెండోసారి అదే నట్టు వదులై వస్తే అది ఇక బిగింపు పని కాదు, వెతుకులాట పని. ఈ తేడా గీయమనే మిమ్మల్ని అడుగుతున్నాను. రోగమొకటి మందొకటి అయితే మందు మోతాదు పెంచి లాభం లేదు కదా.

వెతకాల్సినవి నా గొట్టంలాంటివి ఇంకా ఉన్నాయి. నా బండి పాడైన రోజు నుంచి కంపెనీ సర్వీస్ పుస్తకం చదివి, విప్పి చూసి, అనుభవం ఉన్న పెద్ద మెకానిక్‌లని అడిగి తెలుసుకున్నవి కొన్ని చెప్తాను.

గొట్టం ఉంటుంది గానీ పొట్టిదైపోయి ఉండొచ్చు. బిగువు పోయినప్పుడు తిరగకూడని బేరింగు లోపలి రింగు గొట్టం చివరన తిరిగి తిరిగి అరగదీస్తుంది, లేదా సుత్తి దెబ్బలకి అంచు చితికి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, లేదా వేరే మోడల్ గొట్టం పెట్టేస్తారు. లక్షణం అదే, బిగిస్తే చక్రం బిగుసుకుంటుంది. బేరింగులు కూర్చోబెట్టే తీరు కూడా ఇక్కడే ముఖ్యం. ముందు ఒక బేరింగుని దాని గట్టుకి ఆనేదాకా దించాలి, గొట్టం వేయాలి, రెండో బేరింగుని దాని లోపలి రింగు గొట్టానికి తగిలేదాకా మాత్రమే దించాలి. దించేటప్పుడు బయటి రింగు మీదే కొట్టాలి, లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగు మొదటి రోజే పాడవుతుంది.

ఇంకొకటి నన్ను బాగా భయపెట్టింది. ఏదో ఒక వాషరో పక్క స్పేసరో తప్పిపోతే, లేదా ఇరుసు వేరే బండిదైతే, నట్టు థ్రెడ్ల చివరికి వెళ్లి అక్కడే ఆగిపోతుంది, స్వింగ్ ఆర్మ్‌ని నొక్కకుండానే. మెలితిప్పే బలాన్ని (టార్క్) కొలిచే టార్క్ రెంచ్ టక్‌మంటుంది, చేతికి కూడా రాయిలా తగులుతుంది, అంతా సరిగ్గా ఉందనిపిస్తుంది, బిగువు మాత్రం సున్నా. బిగించాక అడ్జస్టర్ ప్లేటుని వేలితో కదిపి చూస్తే ఇది బయటపడుతుంది. కదలకూడదు.

పెయింట్ గురించి ఎవరూ ఆలోచించరు. స్వింగ్ ఆర్మ్‌కి కొత్తగా మందంగా రంగు వేయించాక నట్టు వదులవుతుంటే ప్లేటు కూర్చునే చోట ఆ రంగే కారణం కావచ్చు. నొక్కుడికి రంగు పలచబడి పక్కకి పోతుంది, పోయినంత మేరా బిగువు తగ్గుతుంది. ఆ ముఖాల దగ్గర గీకేసి ఇనుము కనపడనివ్వండి. మెత్తటి లోహంతో చేసిన అడ్జస్టర్ ప్లేట్లు కూడా అంతే, నట్టు కింద గుంట పడిపోతుంటాయి.

డ్రమ్ బ్రేక్ బళ్లలో బ్రేక్ ప్లేటుని స్వింగ్ ఆర్మ్‌కి పట్టి ఉంచే కడ్డీ ఒకటి ఉంటుంది. దాని బోల్టు వదులైతే బ్రేక్ వేసిన ప్రతిసారీ ప్లేటు చక్రంతో పాటు తిరగాలని చూస్తుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఆ ప్లేటు ఇరుసు బిగువులోనే ఉంది కాబట్టి ఆ ఊగుడంతా నేరుగా అక్కడి ముఖాల మీద పడుతుంది. నట్టు వదులైందని వచ్చిన బండికి ఆ కడ్డీ రెండు చివరలూ పట్టుకుని ఊపి చూడటానికి అరనిమిషం పట్టదు. అది ఊడిపోతే చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది, అది వేరే ప్రమాదం.

చైన్ అతిగా బిగించడం, స్ప్రాకెట్ వెనక రబ్బర్లు అరిగిపోయి ఊగడం, ఇరుసు వంగి ఉండటం, థ్రెడ్లు సాగి ఉండటం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఇరుసు వంకర చూడటానికి చదునైన అద్దం మీద దొర్లిస్తే చాలు. నట్టుని ఇరుసు థ్రెడ్ల మీద వేళ్లతో మొదటి నుంచి చివరిదాకా తిప్పితే ఒకచోట పట్టేస్తుంటే, అక్కడ థ్రెడ్ సాగిందని అర్థం. నైలాన్ నట్టుకైతే ఇది చెల్లదు, మామూలు నట్టుతో చూడాలి.

ఇప్పుడు టార్క్ రెంచ్. "మా చేతికే తెలుస్తుంది" అనే మాట నేను గౌరవిస్తాను, ఇరవై ఏళ్ల చెయ్యి అబద్ధం చెప్పదు, కానీ ఆ చెయ్యి కొలిచేది రాపిడిని, బిగువుని కాదు. నట్టు మీద మీరు పెట్టే బలంలో సుమారు సగం నట్టు ముఖం కింద రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం థ్రెడ్ల మధ్య రాపిడికి, మిగిలిన 10 శాతం చుట్టుపక్కల మాత్రమే ఇరుసుని సాగదీసి బిగువు తెస్తుంది. థ్రెడ్ తుప్పు పట్టి ఉంటే ఆ 10 కాస్తా ఇంకా తగ్గిపోతుంది, చేతికి మాత్రం చాలా గట్టిగా బిగిసినట్టే ఉంటుంది. ఆయిల్ పూస్తే పరిస్థితి తలకిందులు, అదే టార్క్‌కి బిగువు పెరిగిపోతుంది. అందుకే థ్రెడ్లు వైరు బ్రష్‌తో శుభ్రం చేయడం, పొడిగా ఉంచాలో నూనె పూయాలో కంపెనీ పుస్తకంలో చూడటం, ఆ తర్వాతే రెంచ్.

లెక్క కూడా చెప్తాను. చిన్న బళ్లకి వెనక ఇరుసు నట్టు చాలావరకు 50 నుంచి 70 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, పెద్ద బళ్లకి 100 చుట్టుపక్కల, కొన్నిటికి ఇంకా పైన. ఏ బండి అంకె ఆ బండిదే, పుస్తకం చూడాల్సిందే. 100 న్యూటన్ మీటర్లంటే 30 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 34 కిలోల బలం. బండితో ఇచ్చే చిన్న పానా 15 సెంటీమీటర్లదైతే దాని చివర 68 కిలోలు పెట్టాలి, అంటే ఒక మనిషి ఎక్కి నిలబడాలి. అదే పానాకి మీటరు పైపు తొడిగితే 10 కిలోలకే 100 వచ్చేస్తుంది, ఇద్దరు కలిసి తొక్కితే ఎంత వస్తుందో ఎవరికీ తెలియదు. చిన్న పానాతో తక్కువ, పైపుతో ఎక్కువ, సరిగ్గా ఎంతో ఎప్పుడూ తెలియదు. ఎక్కువైతే థ్రెడ్ సాగుతుంది, సాగిన థ్రెడ్ బిగువు నిలపదు, మళ్లీ వదులే. గాలి గన్నుతో నట్టు విప్పండి, తప్పులేదు, ఆఖరి బిగింపు మాత్రం దానికి వదలకండి.

బిగించేముందు చక్రాన్ని ముందుకి నెట్టి రెండు అడ్జస్టర్లకీ ఆనించడం కూడా చాలామంది వదిలేస్తారు. ఇంజిన్ ఆపి, చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్య మడిచిన గుడ్డ పెట్టి చక్రాన్ని వెనక్కి తిప్పితే చైన్ ఆ గుడ్డని పట్టుకుని చక్రాన్ని ముందుకి లాగేస్తుంది. వేళ్లు దూరంగా ఉంచాలి, ఇంజిన్ నడుస్తుండగా ఎప్పుడూ చేయకూడదు. ఆ స్థితిలో నట్టు బిగిస్తే చక్రానికి జరగడానికి ఖాళీ మిగలదు. తర్వాత చైన్ వదులు మరోసారి కొలవండి, బిగించేటప్పుడు అది మారుతుంది.

మరి నేను మీ నుంచి కోరేది ఏంటంటే, చక్రం విప్పిన ప్రతిసారీ నాలుగు పనులు. బయటికి తీసిన ప్రతి ముక్కనీ తీసిన వరసలోనే గుడ్డ మీద పెట్టండి, ఫోన్‌తో ఒక ఫోటో తీయండి, నా గొట్టం ఆ వరసలో ఉండి ఉంటే బల్ల కింద మిగిలేది కాదు. బిగించాక చక్రం చేత్తో తిప్పండి, బిగించకముందు ఎలా తిరిగిందో అలాగే తిరగాలి. నట్టు మీద నుంచి స్వింగ్ ఆర్మ్ దాకా పెయింట్ గీత గీయండి, వదులు కావడం మొదలైతే నడిపేవాడికి ముందే కనిపిస్తుంది. ఏ టార్క్‌కి బిగించారో బిల్లు మీద అంకె రాయండి. రాయాల్సి వస్తుందంటే రెంచ్ చేతికి వస్తుంది.

సర్వీస్ సెంటర్లు నడిపేవాళ్లకి విడిగా ఒక మాట. ఒకే పని కోసం రెండోసారి వచ్చిన బండిని మొదటిసారి చేసిన కుర్రాడికి ఒక్కడికే అప్పగించకండి, అనుభవం ఉన్న ఇంకొకరు పక్కన కూర్చుని విప్పించాలి. ఆ కుర్రాణ్ణి తిట్టమని నేను చెప్పడం లేదు. తిడతారని భయపడితే వాడు తర్వాతిసారి మిగిలిన ముక్కని జేబులో వేసుకుంటాడు తప్ప "అన్నా, ఇదొకటి మిగిలింది" అని చెప్పడు. చెప్పేలా ఉంచండి.

బళ్లు తయారుచేసే కంపెనీలకి కూడా. చైన్ వదులు ఎంత ఉండాలో చాలా బళ్లకి స్వింగ్ ఆర్మ్ మీదే స్టిక్కర్ అంటిస్తారు. దాని పక్కనే ఇరుసు నట్టు టార్క్, నట్టు మళ్లీ వాడొచ్చా లేదా అన్నది రెండు ముక్కల్లో రాయండి. సర్వీస్ పుస్తకంలో లోపల పేజీల్లో ఉన్న అంకె, రోడ్డు పక్కన పంక్చర్ వేసే మనిషి దగ్గరికి చేరదు. చక్రాలు ఎక్కువగా విప్పి బిగించేది ఆయనే.

బండి నడిపేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, చక్రం విప్పించుకున్న తర్వాత మొదటి వంద కిలోమీటర్లలో ఒకసారి ఆ గీత చూసుకోండి. వెనక చక్రం అటూ ఇటూ ఆడుతున్నా, బ్రేక్ వేస్తే వెనక టక్‌మంటున్నా, చైన్ ఊరికే ఒక పక్కకి పోతున్నా అక్కడే ఆపండి. నడిపించుకుంటూ పోయినా పర్వాలేదు, ఎక్కి పోకండి. మెకానిక్ దగ్గర తొందరపెట్టకండి, నేను తొందరపెట్టిన రోజే నా గొట్టం బయట మిగిలిపోయింది.

నా బండికి కొత్త గొట్టం, రెండు కొత్త బేరింగులు, కొత్త ఇరుసు, కొత్త నట్టు పడ్డాయి. ఆ పని చేసింది మీలాంటి మెకానిక్ అన్నే. నేను చెప్పింది విని, నమ్మకుండా, తానే చక్రం తిప్పి చూసి, వేలు పెట్టి ఖాళీని తడిమి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లని పిలిచి వాళ్ల వేళ్లు కూడా ఆ రంధ్రంలో పెట్టించాడు. బిగించాక నన్ను పిలిచి చక్రం నన్నే తిప్పమన్నాడు, పసుపు రంగు గీత ఆయనే గీశాడు. ఇవాళ పొద్దున కూడా చూశాను, ఒకే గీతగా ఉంది.

ఇట్లు,
మీ దగ్గరికి బండి తెచ్చేవాళ్లలో ఒకణ్ణి